బండికి చదును, మనిషికి మెట్లు

మా అమ్మ మెట్లు లెక్కపెట్టుకుంటూ ఎక్కుతుంది. మోకాళ్ళు అరిగినవాళ్ళ అలవాటే అది. పైకి చూస్తే గుండె జారుతుందని కాళ్ళ దగ్గరి మెట్టునే చూస్తుంది. ఒక చేత్తో చీర కుచ్చిళ్ళు, ఇంకో చేత్తో ఇనుప కమ్మీ పట్టుకొని, మెట్టు మెట్టుకూ రెండు కాళ్ళూ కూడేసుకొని, ఒకటి, రెండు, మూడు అనుకుంటూ పోతుంది. ఒకనాటి రాత్రి ఒక రైల్వే స్టేషన్‌లో దిగాం. మా రైలు అవతలి ప్లాట్‌ఫారం మీద ఆగింది. బయటపడాలంటే వంతెన ఎక్కి దిగాలి. లిఫ్టు ఉంది. దాని తలుపుకు 'పనిచేయదు' అని కాగితం కూడా ఉంది. ఆ కాగితం ఎన్నాళ్ళ కిందటిదో, అంచులు పసుపుబారి ముడుచుకుపోయాయి.

ముప్పై ఎనిమిదో మెట్టు మీద అమ్మ కూలబడింది. కొంగుతో మొహం తుడుచుకొని, "దేవుని గుట్టయితే గోవిందా గోవిందా అనుకుంట ఎక్కుతం. గీ మెట్లు ఎవల పేరు చెప్పి ఎక్కాలె బిడ్డా?" అంది.

నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు. అందుకే ఇది రాస్తున్నాను.

మేం వంతెన మీద ఉండగానే కింద ఇద్దరు కుర్రాళ్ళు సంచులు భుజాన వేసుకొని పట్టాల మీదుగా నాలుగు అంగల్లో అవతలికి దాటేశారు. అది నేరం. 1989 నాటి రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు వేయొచ్చు, వెయ్యి రూపాయల దాకా జరిమానా రాయొచ్చు. సబబే, పట్టాలు దాటితే ప్రాణం పోతుంది. కానీ లిఫ్టు నెలల తరబడి పనిచేయకపోతే ఎవరికి ఎన్ని నెలలో ఆ చట్టంలో నాకు కనబడలేదు. మెట్లెక్కలేని ముసలమ్మ పట్టాల మీద నడిస్తే ముద్దాయి. ఆమెను పట్టాల మీదికి దింపినవాడు మాత్రం ఏ కాగితం మీదా ఉండడు.

మాది కొండ ఊరు కాదు. మా జనగామ చుట్టుపక్కల గుట్టలున్న మాట నిజమే. చిల్పూరు గుట్ట మీద బుగులు వేంకటేశ్వరస్వామి ఉన్నాడు. పాలకుర్తిలో సోమేశ్వరుడు గుట్ట మీదే వెలిశాడు. ఎక్కాలనుకున్నవాళ్ళం పండుగకో మొక్కుకో ఎక్కి దిగుతాం. బతుకు మాత్రం చదును నేల మీదే. మరి ఇంత చదును ఊళ్ళో మా అమ్మకు రోజూ ఎక్కాల్సిన కొండ ఎక్కడినుంచి వచ్చింది?

కట్టారు. కొలతలు తీసి, టెండరు పిలిచి, కొబ్బరికాయ కొట్టి మరీ కట్టారు.

హైదరాబాద్–వరంగల్ రహదారి, సిద్దిపేట–సూర్యాపేట దారి, కాజీపేట–సికింద్రాబాద్ రైలుమార్గం. ఈ మూడూ మా ఊరికి ముడిపడి ఉన్నాయి. ఒక ఊరికి ఇంతకంటే అదృష్టం ఏముంటుందని చిన్నప్పుడు అనుకునేవాణ్ణి. ఇప్పుడు తెలుస్తోంది, ఆ మూడూ మా ఊరి మీదుగా పోయేవాళ్ళ కోసం. ఊళ్ళో ఈ పక్కనుంచి ఆ పక్కకు పోయేవాళ్ళకు అవి మూడు గోడలు. రోడ్డు వెడల్పు చేసిన ప్రతిసారీ గోడ మందం పెరుగుతుంది. మధ్యలో డివైడర్ లేస్తుంది. డివైడర్‌కు సందు ఎక్కడ వదలాలో తేల్చేటప్పుడు చూసేది బండి ఎక్కడ తిరగాలన్నదే. బడి ఎక్కడుంది, కూరగాయల అంగడి ఎక్కడుంది, బస్సు దిగిన జనం ఎటు పోతారు అని అడిగిన పాపాన ఎవరూ పోరు. ఎదురుగా మందుల షాపు కనబడుతూనే ఉంటుంది. దానికోసం అరకిలోమీటరు ముందుకు పోయి, మళ్ళీ అరకిలోమీటరు వెనక్కి రావాలి. అంత ఓపిక ఉన్నవాడికి మందుల షాపుతో పనేముంది?

రోడ్డు పక్కన మోరీలు కట్టి వాటి మీద బండలు పరిచి, ఇదే ఫుట్‌పాత్ అంటారు. ఒక ఇంటి ముందు అది మోకాలెత్తు, పక్కింటి ముందు జానెడు. ఇంకో ఇంటి ముందు బండి దిగడానికి ఏటవాలుగా పోసిన సిమెంటు. ఆ పై గుమ్మం దగ్గర బండే లేదు, నోరు తెరిచిన మోరీ. ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె అక్కడే, దుకాణం బోర్డు అక్కడే, ఫ్లెక్సీ కట్టె అక్కడే, నిలబెట్టిన మోటారు సైకిళ్ళు అక్కడే. వంద గజాలు పోవడానికి పదిసార్లు ఎక్కి పదిసార్లు దిగాలి. ఇట్లా దిగాల్సిన చోటల్లా దిగి రోడ్డు మీదికొస్తే, వెనకనుంచి హారన్ కొడుతూ ఒకడు అరుస్తాడు: "కండ్లు కనబడ్తలేవా?" కనబడుతున్నాయి నాయనా. నాకు కనబడుతున్నాయి.

ఈ ఎత్తుల లెక్క ఒకసారి కాగితం మీద వేసి చూడండి. రోడ్డు మీద కాలినడక వంతెన కట్టాలంటే కింద లారీలు పోవడానికి సుమారు 5.5 మీటర్ల ఖాళీ వదలాలి. మెట్టు ఎత్తు 15 సెంటీమీటర్లు అనుకుంటే 37 మెట్లు ఎక్కాలి, 37 దిగాలి. రైలు పట్టాల మీదైతే కరెంటు తీగలు కూడా దాటాలి కాబట్టి ఇంకా పైకి పోవాలి. చక్రాల కుర్చీకి 12 అడుగుల పొడవుకు ఒక అడుగు ఎత్తు మించకుండా ర్యాంపు ఉండాలంటారు. ఆ లెక్కన 5.5 మీటర్లకు 66 మీటర్ల ర్యాంపు కావాలి, మధ్యలో ఆగే చోట్లు అదనం. ఇదంతా ఎందుకు? అవతలి గట్టుకు పోవడానికి. అంటే పది గుర్రాల బలమో వంద గుర్రాల బలమో ఉన్న ఇంజనుకు అంగుళం ఎత్తు అడ్డం రాకుండా నేల చదును చేస్తాం. గుప్పెడు అన్నం బలం మీద నడిచే మనిషిని రెండంతస్తులు ఎక్కిస్తాం. దీనికి అభివృద్ధి అని పేరు పెడతాం.

ఇదంతా తెలియక చేశారనుకుంటే కోపం ఇంత రాదు. తెలిసే చేస్తున్నారు. 1934లో పుట్టిన ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ పాదచారుల కోసం 1988లోనే విడిగా ఒక పుస్తకం వేసింది. 2012లో సవరించింది, 2022లో మళ్ళీ సవరించింది. నడిచే దారి కనీసం 1.8 మీటర్ల వెడల్పున అడ్డంకులు లేకుండా ఉండాలని అందులో ఉంది. ఫుట్‌పాత్ అంచు ఎత్తు 15 సెంటీమీటర్లు దాటకూడదని ఉంది. మనుషులు నేల మీదే, రోడ్డు మట్టంలోనే దాటేలా చూడాలని, వంతెనలూ సొరంగాలూ వేరే దారి లేనప్పుడే కట్టాలని ఉంది. రూలు లేదని చెప్పడానికి వీల్లేదు. రూలు అలమారులో ఉంది. అలమారుకు తాళం ఉంది. తాళం చెవి బండిలో తిరుగుతోంది.

అసలు రహస్యం లెక్కలో ఉంది. రోడ్డు ఎంత వెడల్పు కావాలో తేల్చడానికి ఇంజినీర్లు దాని మీద పోయేవాటిని లెక్కిస్తారు. కారుకు 1. బస్సుకు, లారీకి 3. సైకిలుకు అర. గ్రామీణ రోడ్ల లెక్కలో పెద్ద ఎడ్లబండికి 8, తోపుడుబండికి 3. ఈ పట్టిక మొదటిసారి చూసినప్పుడు నాకు నవ్వొచ్చింది, తర్వాత నవ్వు ఆగిపోయింది. ఎడ్లబండికి లెక్కుంది. తోపుడుబండికి లెక్కుంది. తోపుడుబండి తోసే మనిషికి లేదు. అతను బండి ఇంటి దగ్గర వదిలేసి ఒట్టి చేతులతో రోడ్డు మీదికొస్తే ఆ పట్టికలోంచి మాయమైపోతాడు. పాదచారులను లెక్కపెట్టే పద్ధతి రోడ్స్ కాంగ్రెస్ దగ్గర వేరే ఉంది. కానీ మన ఊరిలాంటి పట్నాల్లో చౌరస్తాలో కుర్చీ వేసుకొని, చేతిలో కాగితం పట్టుకొని, పొద్దుటినుంచి మాపటిదాకా ఎందరు ఆడవాళ్ళు, ఎందరు పిల్లలు, ఎందరు ముసలివాళ్ళు దాటారో గీతలు గీసినవాణ్ణి మీరెప్పుడైనా చూశారా? నేను చూడలేదు.

కట్టిన కొండ సంగతి అది. నిజం కొండ మీద బతికేవాళ్ళ సంగతి చెప్పాలంటే మా చెల్లెలి ఇంటికి పోవాలి.

చెల్లెలిని విజయవాడ ఇచ్చాం. బావ వన్‌టౌన్‌లో ఒక దుకాణంలో పనిచేస్తాడు. ఇల్లు కొండ మీద. విజయవాడ అంటే మనకు కృష్ణ, కాలువలు, ఎండ గుర్తొస్తాయి. ఆ ఊరు సగం కొండల చుట్టూ చుట్టుకొని ఉందని అక్కడ బంధువులు ఉన్నవాళ్ళకే తెలుస్తుంది. విద్యాధరపురం, చిట్టినగర్, మొగల్రాజపురం, మాచవరం, క్రీస్తురాజపురం, గుణదల... ఎక్కడ చూసినా కొండవాలు మీద ఇంటి మీద ఇల్లు. ఆఫీసు భాషలో వాళ్ళు 'కొండ ప్రాంత వాసులు'. అక్కడ అద్దెకూ ఎత్తుకూ ఒక లెక్కుంది. ఎత్తు పెరిగేకొద్దీ అద్దె తగ్గుతుంది. అంటే బరువు మోసేవాళ్ళు, పాచిపనికి పోయేవాళ్ళు, దుకాణాల్లో పొద్దంతా నిలబడేవాళ్ళు... రోజంతా కాళ్ళు పీకిన వాళ్ళే రాత్రికి అందరికంటే ఎక్కువ మెట్లెక్కాలి.

ఆ మెట్లు ఎట్లా ఉంటాయో చెప్పాలి. ఒకటి అరడుగు, తర్వాతిది అడుగున్నర. ఒకటి సిమెంటు, ఇంకోటి బండరాయి. పక్కన పట్టుకోవడానికి కమ్మీ కొంతదూరం ఉంటుంది, సరిగ్గా నిట్టనిలువు మలుపు దగ్గర ఆగిపోతుంది. కొన్ని చోట్ల మోరీ నీళ్ళు మెట్ల మీదుగానే దిగుతాయి. గ్యాసు బండలో గ్యాసు 14.2 కిలోలు, ఇనుముతో కలిపి 30 కిలోల దాకా తూగుతుంది. దాన్ని భుజాన పైకి మోయాలి. బియ్యం మోయాలి, కుళాయి రాని రోజు నీళ్ళు మోయాలి. 108 కిందే ఆగుతుంది. గుండెనొప్పి వచ్చినవాణ్ణి ప్లాస్టిక్ కుర్చీలో కూచోబెట్టి నలుగురు పట్టుకొని దింపాలి. చెల్లెలు నొప్పులతో ఉన్నప్పుడు ఆ కుర్చీలోనే దిగింది. అందరికంటే ముందు దిగినవాడు సెల్‌ఫోన్ లైటు పట్టుకొని ఉన్నాడు, ఎందుకంటే ఆ మలుపులో స్తంభం ఉంది గాని దానికి బల్బు లేదు.

మనవరాలిని చూడ్డానికే మేం పోయింది. అమ్మ కొండకింద నిలబడి పైకి చూసింది. ఎక్కింది. అరవై దాకా లెక్కపెట్టింది. ఆ పైన మలుపు దగ్గర కమ్మీ లేదు. "నాతోటి కాదు బిడ్డా" అని అక్కడే కూచుంది. చివరికి నేనే మెల్లగా కిందికి దింపాను. చెల్లెలు పసిగుడ్డును చేతుల్లో పెట్టుకొని, బాలింత, అన్ని మెట్లూ దిగి వచ్చింది. కొండకింద టీకొట్టు బల్ల మీద మా అమ్మ మనవరాలిని ఒళ్ళో పెట్టుకుంది. తొట్టెల పాట పాడుదామని పోయిన మనిషి, వచ్చేపోయే ఆటోల మోతలో పిల్ల చెవులు మూస్తూ కూచుంది. కూతురి ఇల్లు ఎట్లుంటుందో ఆమెకు ఇప్పటికీ తెలియదు.

అదే ఊళ్ళో ఇంద్రకీలాద్రి ఉంది. అమ్మవారి దగ్గరికి ఘాట్ రోడ్డు ఉంది, బస్సులు ఉన్నాయి, మెట్ల దారి ఉంది, మహామండపంలో లిఫ్టులున్నాయి. ఉండాల్సిందే, వద్దని ఎవరంటారు? కొండకు లిఫ్టు పెట్టడం మనకు చేతకాదనే మాట మాత్రం ఇక చెల్లదు. తిరుమలకు అలిపిరి దారిలో 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు దారిలో 2,388. నీడకు కప్పు ఉంది, రాత్రికి లైట్లున్నాయి, తాగడానికి నీళ్ళున్నాయి, కూచోవడానికి చోటుంది. మోకాళ్ళ పర్వతం దగ్గర మోకాళ్ళతో ఎక్కే భక్తులున్నారు, మెట్లకు పసుపు కుంకుమ పెట్టే భక్తులున్నారు. అంటే మనిషి కొండ ఎట్లా ఎక్కాలో, ఎక్కేవాడికి ఏమేం కావాలో తెలుగువాళ్ళకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. జన్మకోసారి ఎక్కే మెట్లకు అంత చేయగలిగినవాళ్ళం, రోజుకు నాలుగుసార్లు ఎక్కే మెట్లకు ఒక బల్బు పెట్టలేమా? కొండ మీద దేవుడుంటే మెట్లు కట్టేది మనమే, మనుషులుంటే మొహం తిప్పుకునేదీ మనమేనా?

దేవుడి కొండకైనా నడిచేవాడికి ముందు చోటు దొరుకుతుందని లేదు. యాదగిరిగుట్ట మాకు పొరుగే. ఏళ్ళపాటు సాగిన పునర్నిర్మాణం తర్వాత 2022 మార్చి 28న ఆలయం తెరిచారు. రాతి పని కన్నులపండువ, కాదనను. కానీ తెరిచాక కొండపైకి ఆటోలను రానివ్వలేదు. అదే ఏడాది కొండ మీద కార్ల పార్కింగ్‌కు 500 రూపాయలు పెట్టారు. బస్సులు నడిపిన మాట నిజమే. కానీ అప్పటి వరస చూడండి. సొంత కారు ఉన్నవాడు డబ్బు కట్టి పైదాకా పోవచ్చు, మోకాళ్ళ నొప్పుల ముసలమ్మ ఆటోలో మాత్రం పోకూడదు. ఆటోవాళ్ళు ఆందోళన చేస్తే, 2024 ఫిబ్రవరిలో గాని ఆటోలు మళ్ళీ కొండెక్కలేదు. ఆలయం తెరిచిన రెండు నెలల్లోపే, మే నెలలో కురిసిన వానకు కొండపైకి పోయే కొత్త రోడ్డు కోసుకుపోయింది. కొండ మీద నీళ్ళు ఎటు పోతాయో చూడకుండా కట్టింది ఏదీ నిలవదని ఒక్క రాత్రి వాన చెప్పింది. విజయవాడలో ఇదే మాట ప్రాణాలు తీసి మరీ చెప్పింది. 2024 ఆగస్టు 31న మొగల్రాజపురంలో కొండచరియలు ఇళ్ళ మీద పడ్డాయి. మనుషులు రాళ్ళ కింద పోయారు. కొండ ప్రాంతం అనే మాట ఆ రెండు రోజులు అందరి నోళ్ళలో నానింది. తర్వాత వాన నీళ్ళతో పాటు ఆ మాటా ఇంకిపోయింది.

ఇంకెక్కడా కొండల మీద ఊళ్ళు లేవా? లిస్బన్‌లో కింది వీధినుంచి పై వీధికి మనుషులను మోసే లిఫ్టు 1902లో పెట్టారు. అప్పటికి మన దగ్గర కారంటే ఏమిటో చూసినవాళ్ళే తక్కువ. హాంకాంగ్‌లో కొండవాలు మీది ఇళ్ళకు 1993లో నడిచే మెట్లు వేశారు. సుమారు 800 మీటర్ల పొడవు, 135 మీటర్ల ఎత్తు, టికెట్ లేదు. అవి ధనిక దేశాలంటారా? కొలంబియాలో మెడెలిన్ అనే ఊరుంది. ఒకప్పుడు తుపాకులకూ మత్తుమందు ముఠాలకూ పేరుమోసిన ఊరు. అక్కడ పేదలు ఉండే కొండవాడలో 2011 డిసెంబరులో ఆరుబయట ఎస్కలేటర్లు పెట్టారు. దాదాపు 28 అంతస్తుల ఎత్తు. కూలికి పోయి వచ్చేవాళ్ళ కోసం. మన సిమ్లాలోనే కార్ట్ రోడ్డునుంచి మాల్ రోడ్డుకు లిఫ్టు ఉంది. ఇవన్నీ మాకూ కావాలని నేను అడగడం లేదు. మా ఆశ అంత ఎత్తుకు పోదు. మా వాళ్ళు అడిగేది మలుపు దగ్గర తెగిపోయిన ఆ పది అడుగుల కమ్మీ.

హైదరాబాద్ పోయే జనగామవాళ్ళకు ఉప్పల్ చౌరస్తా గుమ్మం లాంటిది. అక్కడ 2023 జూన్‌లో ఆకాశ వంతెన తెరిచారు. లిఫ్టులు, ఎస్కలేటర్లు ఉన్నాయి. అంతకుముందు ఆ చౌరస్తా దాటడమంటే ప్రాణం అరచేతిలో పెట్టుకోవడమే కాబట్టి, నేనూ సంతోషించాను. కానీ ఎస్కలేటర్ మీద నిలబడి కిందికి చూస్తే ఒక సంగతి తట్టింది. కింద నేలంతా బండ్లదే అయిపోయింది. మనకు మిగిలింది గాలి. లిఫ్టు నడిచినన్నాళ్ళు అది వంతెన. ఆగిననాడు అదీ కొండే. కట్టిన రోజు రిబ్బన్ కత్తిరించడానికి పదిమంది వస్తారు. మోటారు కాలిపోయిన రోజు చూడడానికి ఒక్కడూ రాడు. 'పనిచేయదు' అని కాగితం అంటించేవాడు మాత్రం ఠంచనుగా వస్తాడు.

మా పాత వరంగల్ జిల్లా పొడవునా ఇదే కథ. మహబూబాబాద్‌లో, మా నోటి మాటలో మానుకోటలో, ఊరి నడుమనుంచి పట్టాలు పోతాయి. ఒక ఊరు రెండు ఊళ్ళయింది. కూరగాయలు ఒక దిక్కు, కచేరి ఇంకో దిక్కు అన్నట్టు బతకాలి. కింది దారిలో వాన పడితే నీళ్ళు, పై దారిలో మెట్లు. భూపాలపల్లికి పోతే బొగ్గు. సింగరేణి గనులు, చెల్పూరు కరెంటు ప్లాంటు, గోదావరి ఇసుక. దేశానికి వెలుగు, పట్నాలకు మేడలు అక్కడినుంచే పోతాయి, లారీల్లో పోతాయి. ఆ లారీలకు దారి ఇచ్చి ఇచ్చి, డ్యూటీ దిగి నడిచి వచ్చే కార్మికుడు తారు అంచు దాటి మట్టిలోకి, మట్టి దాటి ముళ్ళపొదల్లోకి జరిగిపోయాడు. అతను తవ్విన బొగ్గు తారు మీద పోతుంది, అతను ముళ్ళలో పోతాడు.

2022లో దేశంలో రోడ్ల మీద 1,68,491 మంది చనిపోయారు. కేంద్ర రవాణా శాఖ లెక్క ఇది. అందులో నడిచిపోతున్నవాళ్ళు 32,825 మంది. రోజుకు 90 మంది. అంటే బతికుండగా లెక్కలోకి రాని మనిషి చచ్చిపోయాక మాత్రం లెక్కకు వస్తున్నాడు. మన ప్రభుత్వాలు పాదచారిని పక్కాగా లెక్కించే చోటు పోస్టుమార్టం గది ఒక్కటే.

కోర్టు చెప్పలేదా అంటే, చెప్పింది. 2025 మే 14న సుప్రీంకోర్టు అడ్డంకులు లేని ఫుట్‌పాత్ మీద నడవడం రాజ్యాంగం 21వ అధికరణ ఇచ్చిన హక్కులో భాగమంది. అంటే బతికే హక్కులో నడిచే హక్కు ఉంది. దివ్యాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. ఇప్పటికే ఉన్న ప్రభుత్వ భవనాలన్నీ వాళ్ళు రాగలిగేలా, నియమాలు వెలువడిన నాటినుంచి ఐదేళ్ళలో మార్చాలంది. నియమాలు 2017లో వచ్చాయి. గడువు 2022తో తీరిపోయింది. ఇప్పటికీ ఎన్ని ఆఫీసుల్లో పింఛను కోసం వచ్చిన దివ్యాంగుడు మెట్ల కింద కూచుని, "సార్‌ను జర కిందికి రమ్మనుండ్రి" అని అటెండర్‌ను బతిమాలుతున్నాడో, కడుపు మండినవాళ్ళు ఒకసారి తమ ఊళ్ళో చూసి రావచ్చు.

నేనూ ఆఫీసుల చుట్టూ తిరిగాను. ఒక చోట ఈ రోడ్డు మాది కాదన్నారు. ఇంకో చోట రోడ్డు మాదే, అంచు మాది కాదన్నారు. మూడో చోట అంచు మాదే గాని మోరీ వేరేవాళ్ళదన్నారు. నాలుగో చోట ఒక సారు మర్యాదగా కూచోబెట్టి టీ ఇప్పించి, "మీరు చెప్పింది కరెక్టే, కానీ ఫుట్‌పాత్ కడితే ఎవరు నడుస్తారండీ? అందరికీ బండ్లున్నాయిగా" అన్నాడు. ఆయన గది రెండో అంతస్తులో ఉంది. కిటికీలోంచి చూస్తే, బడి వదిలిన పిల్లలు లారీకీ మోరీకీ నడుమ వరసగా, ఒకరి సంచి ఒకరు పట్టుకొని పోతున్నారు. ఆయన కుర్చీ కిటికీకి వీపు పెట్టి ఉంది.

సారూ, అందరికీ బండ్లు లేవు. బండి ఉన్నవాడింట్లో కూడా అందరికీ లేవు. ఇంట్లో ఒక మోటారు సైకిల్ ఉంటే దాన్ని మగవాడు పొద్దున్నే తీసుకుపోతాడు. మిగిలిన తల్లి, భార్య, పిల్లలు నడుస్తారు. బండి ఉన్నవాడైనా బండి దిగాక నడుస్తాడు. మీరూ ఒకనాడు రిటైరవుతారు, గవర్నమెంటు బండి పోతుంది, మోకాళ్ళు మిగులుతాయి. ఆనాడు మీరు సంతకం పెట్టిన డివైడర్ ముందు మీరే నిలబడి సందు కోసం వెతుక్కుంటారు.

కావలసినవి పెద్దవి కావు. మెట్లు వేస్తే అన్నీ ఒక్క ఎత్తున వేయండి. మెట్టు మొదలైన చోటునుంచి ముగిసేదాకా కమ్మీ వేయండి, మలుపులో ఆపకండి. పదిహేను ఇరవై మెట్లకొక చోట కూచోవడానికి అరుగు కట్టండి. స్తంభానికి బల్బు పెట్టండి. మోరీ బండలను ఒక్క మట్టానికి తెండి. బడి ముందు, ఆసుపత్రి ముందు, బస్టాండు ముందు డివైడర్‌కు సందు వదిలి, బండ్లే నెమ్మదించేలా అక్కడ రోడ్డును కొంచెం ఎత్తు చేయండి. ఒక్కసారైనా ఎత్తు బండికి రానివ్వండి. లిఫ్టు పెడితే దాన్ని బాగుచేసే మనిషి పేరు, ఫోన్ నంబరు దాని తలుపు మీద రాయండి. కొత్త రోడ్డుకు కొబ్బరికాయ కొట్టేముందు ఆ ఊరి ముసలమ్మ ఒకరిని వెంటబెట్టుకొని, ఆ గట్టునుంచి ఈ గట్టుకు మీరూ ఒకసారి నడిచి చూడండి. దీనికి ప్రపంచ బ్యాంకు అప్పు అక్కర్లేదు. సిగ్గు ఉంటే చాలు.

ఈ నేలకు నడక కొత్త కాదు. 1946 జులై 4న కడవెండిలో జనం ఊరేగింపుగా నడిచారు. తూటాలు పేలాయి, దొడ్డి కొమురయ్య నేలకొరిగాడు. ఆ నడకే తెలంగాణను నడిపించింది. జనగామ జిల్లా కావాలని 2016లో మేమంతా రోడ్డెక్కాం. ఆ అక్టోబరు 11న జిల్లా వచ్చింది. రోడ్డెక్కితే గాని ఏదీ రాదని మాకు పెద్దలు నేర్పిన పాఠం. ఇప్పుడు చిక్కల్లా ఒక్కటే. రోడ్డెక్కుదామంటే కాలు పెట్టే జాగా లేదు.

మా అమ్మ ఈమధ్య బయటికి పోవడం మానేసింది. గుడికి పోదు, అంగడికి పోదు, పక్కవాడలో ఉన్న తన చెల్లెలి ఇంటికి పోదు. అడిగితే "పానం బాగలేదు" అంటుంది. ఆమె పడలేదు, ఆమెను ఏ బండీ గుద్దలేదు, కాబట్టి ఏ ప్రమాదాల పట్టికలోనూ ఆమె లేదు. నడవడం మానేసినవాళ్ళను లెక్కించే శాఖ ఈ దేశంలో లేదు. ఉంటే ఆ అంకె చూసి గుండెలు పగిలేవి.

విజయవాడనుంచి వారానికోసారి చెల్లెలు ఫోన్ చేస్తుంది. పిల్ల బోర్లా పడిందని, పాకుతోందని, పండ్లు వస్తున్నాయని చెబుతుంది. అమ్మ అన్నీ వింటుంది. చివర్లో ప్రతిసారీ ఒకే ప్రశ్న.

"ఆ మలుపు కాడ కమ్మీ ఏసిండ్రా బిడ్డా?"

"ఏస్తరంటనే అమ్మా. కొలతలు తీసుకపోయిండ్రు."

"ఎన్నోసారి తీసుకపోవుడు?"

అవతల చెల్లెలు మాట్లాడదు. అమ్మ ఫోన్ నాకిచ్చి, మోకాళ్ళ మీద చేతులు వేసుకొని మెల్లగా అడుగుతుంది:

"ఆల్లకు ఓట్లెప్పుడున్నయి కొడుకా?"